ఎస్క్రిమా నేర్చుకోవాలంటే మొదట ఒక్క కర్రే కొనండి

మీకు కర్రసాము కొంచెం వచ్చు. ఫిలిప్పీన్స్ కర్రవిద్య ఎస్క్రిమా వీడియోల్లో రెండు కర్రలు తిప్పడం చూసి బాగా నచ్చింది. జత కర్రలు కొని దానితోనే మొదలుపెట్టవచ్చా, ఎలాంటి కర్ర కొనాలి అని అడిగారు. ఒక్క కర్రతో మొదలుపెట్టండి. ఎందుకంటే ఈ విద్యలో నేర్వాల్సిన సగం పని కర్ర లేని చేతిదే.

నేను ఫిలిప్పీన్స్‌లోని సెబూలో మెడిసిన్ చదువుతూ నాలుగేళ్ళు ఎస్క్రిమా క్లాసుకు వెళ్ళాను. నన్నూ అటు లాగింది ఆ రెండు కర్రల ఆటే. దాన్ని సినవాలి అంటారు. అక్కడ ఇళ్ళకు గోడలుగా కట్టే వెదురు తడికను సవాలి అంటారు, ఆ మాట నుంచే ఈ పేరు. మన ఊళ్ళో తడిక అల్లడం చూసినవాళ్ళకు వెంటనే అర్థమవుతుంది: ఒక బద్ద పైనుంచి, తర్వాతది కిందనుంచి. లయ పట్టుబడితే వారం రోజుల్లో చేతులు వాటంతటవే ఆడతాయి. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ ఎదుటివాడు ఆ లయ తప్పించి ఒక్క దెబ్బ వేస్తే ఏం చేయాలో మాత్రం తెలియదు.

మా గురో (అక్కడ గురువును అలాగే పిలుస్తారు) మొదటిరోజు నా చేతికి ఒకటే కర్ర ఇచ్చి, ఎడమ చెయ్యి ఛాతీ ముందు పెట్టమన్నాడు. పొడవు కర్రతో సాము చేసిన అలవాటు వల్ల నా రెండు చేతులూ కర్ర మీదికే పోయేవి. కుడిచేత్తో మాత్రమే పట్టుకోమంటే ఎడమ చెయ్యి పనిలేక కిందికి వేలాడేది. అలా జారినప్పుడల్లా ఆయన తన కర్రతో నా పక్కటెముకలను మెల్లగా తాకేవాడు. మూడు నెలలు పట్టింది నాకు. మీకూ ఈ ఇబ్బంది రావచ్చు, ముందే చెబుతున్నాను.

ఆ ఎడమ చేతి పని ఏమిటంటే, ఎదుటి దెబ్బను మీ కర్ర ఆపిన క్షణంలోనే అది అతని మణికట్టును అదిమి పట్టాలి, లేదా పక్కకు తోసేయాలి. అప్పుడే మీ కర్రకు మళ్ళీ కొట్టే వీలు దొరుకుతుంది. సెబూలో 1952లో వెనాన్సియో బాకోన్ స్థాపించిన బాలింతవాక్ పద్ధతి మొత్తం ఒక్క కర్ర, దగ్గరి దూరం, ఈ ఎడమ చేతి మీదే నిలబడింది. అంతకుముందు ఆయన 1932లో మొదలైన దోసే పారెస్ అనే ఎస్క్రిమా క్లబ్బులో ఉండేవాడు. అర్నిస్, ఎస్క్రిమా, కాలి అనే పేర్లు చూసి కంగారు పడకండి, ఒకే కుటుంబం. 2009లో చేసిన చట్టంతో అర్నిస్ పేరుతో అది ఆ దేశపు జాతీయ క్రీడ అయింది.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఎస్క్రిమాలో కర్రను కత్తికి బదులుగా కూడా చూస్తారు. అందుకే మొదటి గురి ఎదుటివాడి ఆయుధం పట్టిన చెయ్యి. పాము కోరలు పీకడం అంటారు దీన్ని. పాతరోజుల్లో సాధనలోనూ చేతిమీదే కొట్టేవారు, కొత్తవాళ్ళు దెబ్బలు తట్టుకోలేక మానేసేవారు. నెగ్రోస్ ద్వీపంవాడైన రెమీ ప్రెసాస్ తన మోడర్న్ అర్నిస్‌లో కర్రను కర్రతో కొట్టించే సాధన పెట్టాడు. నేనూ అలాగే నేర్చుకున్నాను, అది మంచిదే. అయితే ఏడాది తర్వాత గ్లోవ్స్, హెల్మెట్ వేసుకుని మొదటిసారి తలపడినప్పుడు నా దెబ్బలన్నీ ఎదుటివాడి కర్రకే తగిలాయి, చేతిదాకా ఒక్కటీ వెళ్ళలేదు. కర్రను కొట్టడానికి సరిపోయే దూరంలోనే నిలబడటం అలవాటైపోయింది మరి. మీరు మాత్రం మొదటినుంచీ అప్పుడప్పుడు అరడుగు ముందుకు జరిగి, పిడికిలి దగ్గర ఆగేలా నెమ్మదిగా కొట్టడం సాధన చేయండి.

కర్ర సంగతికొస్తే, పేము కర్ర తీసుకోండి. సుమారు 28 అంగుళాల పొడవు, అంగుళం మందం. పేము వెదురులా బోలుగా ఉండదు. గట్టిగా తగిలినా పుటుక్కున విరగదు, పీచులు పీచులుగా విడుతుంది. అందుకే జంటగా సాధన చేసేటప్పుడు ఇదే నయం. కమగోంగ్, బాహి లాంటి బరువైన చెక్క కర్రలు ఒంటరి సాధనకే వాడండి, మనిషి ఎదురుగా ఉన్నప్పుడు వద్దు. కింద పిడికెడు మందాన కర్ర వదిలి పట్టుకోండి, ఆ కొసను పున్యో అంటారు, దగ్గరికొచ్చాక దానితోనే కొడతారు. బొటనవేలు మిగతా వేళ్ళ మీదికి చుట్టి ఉంచండి. నేను ఒకరోజు బద్ధకించి గ్లోవ్స్ వేసుకోలేదు, బొటనవేలు కర్ర వెంట నిలబెట్టాను. దెబ్బ సరిగ్గా దానిమీదే పడింది. మూడు వారాలు పెన్ను పట్టుకోలేకపోయాను, అవి పరీక్షల రోజులు.

కళ్ళకు రక్షణగా అద్దాలు తప్పనిసరి, పీచు ముక్కలు ఎగురుతాయి. పై పొర లేవడం మొదలవగానే అక్కడ ఎలక్ట్రికల్ టేప్ చుట్టండి, కర్ర ఇంకొన్నాళ్ళు వస్తుంది. దగ్గర్లో గురువు లేకపోతే, రోజూ పది నిమిషాలు ఒక్క కర్రతో చేసి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. చూసేటప్పుడు కర్రను వదిలేసి ఎడమ చేతినే చూడండి. అది ఛాతీ ముందు నిలబడటం మొదలయ్యాక రెండో కర్ర కొనండి.