బ్రేకప్ తర్వాత నిద్ర లేదు, ఎవరికీ చెప్పుకోలేను.. పెళ్లి చేసుకుంటే సర్దుకుంటుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నేను 29 ఏళ్ల అబ్బాయిని. మాది ఖమ్మం దగ్గర పల్లె. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, కొండాపూర్‌లో పీజీలో ఉంటాను. నాకు అమ్మాయిలూ ఇష్టమే, అబ్బాయిలూ ఇష్టమే. రెండేళ్లు ఒకబ్బాయితో ఉన్నాను, ఐదు నెలల క్రితం విడిపోయాం. అప్పట్నుంచి నిద్ర సరిగ్గా లేదు, శని, ఆదివారాలు మంచం దిగబుద్ధి కాదు. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. పెళ్లయితే అంతా సర్దుకుంటుందని, అసలు సంగతి తెలియని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. ఇది జబ్బా? మందులతో పోతుందా?

జవాబు: రెండు విషయాలు కలిపి అడిగారు, ముందు వాటిని విడదీద్దాం. అబ్బాయిలు ఇష్టం కావడం జబ్బు కాదు, కాబట్టి దానికి మందూ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే స్వలింగ ఆకర్షణను జబ్బుల జాబితాలోంచి తీసేసింది. మార్చేస్తామంటూ చేసే కన్వర్షన్ థెరపీ డాక్టర్లకు తగని పని అని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో చెప్పింది. ఎవరైనా షాకులు, హార్మోన్ ఇంజెక్షన్లు అంటే మీ ఫైలు తీసుకుని లేచి వచ్చేయండి.

ఇక నిద్ర లేకపోవడం, మంచం దిగకపోవడం. ఇలా రెండు వారాలు దాటితేనే మేం డిప్రెషన్ ఉందేమో అని చూస్తాం, మీకు ఐదు నెలలైంది. దీనికి మాత్రం వైద్యం ఉంది.

మీ ఉత్తరంలో నాకు ఎక్కువ బాధనిపించింది వేరే. అదే ఆఫీసులో ఇంకొకడికి బ్రేకప్ అయితే టీమంతా బిర్యానీకి లాక్కెళ్లేది, నాలుగు రోజులు ఏడ్చి తేరుకునేవాడు. మీ ప్రేమ ఎవరికీ తెలియదు కాబట్టి అది పోయిన సంగతీ ఎవరికీ తెలియదు. పైగా మన తెలుగులో ఇంకో చిక్కు, 'వస్తానన్నాడు' అనగానే దొరికిపోతాం. 'అన్నారు' అని తప్పించుకోవాలి, లేదంటే 'అంది' అని అబద్ధమాడాలి. రోజంతా ఇలా ప్రతి మాటా తూకం వేసుకుంటూ బతికే మనిషికి రాత్రి పడుకున్నా మెదడు కాపలా మానదు. మా పుస్తకాల్లో దీన్ని మైనారిటీ స్ట్రెస్ అంటారు. మీలా ఇద్దరూ ఇష్టమయ్యే బైసెక్సువల్ మగవాళ్లకు ఇది ఇంకాస్త ఎక్కువ, ఎందుకంటే ఇటు మిగతా స్నేహితులు నమ్మరు, అటు గే స్నేహితులు కూడా 'నువ్వింకా ఒప్పుకోవట్లేదంతే' అంటారు.

డేటింగ్ యాప్‌లో రెండు వందల చాట్‌లున్నా ఈ ఒంటరితనం తగ్గదు. (ఫొటోలతో ఎవరైనా బెదిరిస్తే డబ్బు పంపొద్దు, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.) మీకు కావాల్సింది మాటలు తూకం వేయకుండా మాట్లాడగలిగే ఒక్క మనిషి. కజినో, కాలేజీ ఫ్రెండో, ఎవరో ఒకరు. ముందు స్వలింగ సంబంధం నేరం కాదన్న 2018 నాటి సుప్రీంకోర్టు 377 తీర్పు గురించి ఊరికే కదిలించి, ఏమంటారో చూడండి. వెక్కిరిస్తే అక్కడితో ఆపేయండి. హైదరాబాద్‌లో 2013 నుంచి ప్రైడ్ మార్చ్ (మీలాంటివాళ్లు కలిసి నడిచే ఊరేగింపు) జరుగుతోంది, అందులో నడవమని నేననను గానీ, ఆ వలయంలో చిన్న చిన్న మీటప్‌లూ ఉంటాయి, మూలన కూర్చుని చాయ్ తాగి వచ్చినా సరే.

ఈ వారమే సైకియాట్రిస్టును కలవండి. ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక ఆసుపత్రి అయినా పర్వాలేదు. థైరాయిడ్, బీ12 పరీక్షలు కూడా చేయించండి. మందులు రాస్తే గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకొంచెం ఎక్కువే పడుతుంది. ఐదో రోజుకే పనిచేయట్లేదని ఆపకండి. మీరు చెప్పేది గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య చట్టంలోనే ఉంది, కాబట్టి డాక్టర్ దగ్గర 'అన్నాడు' అనే చెప్పండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే గదిలో ఒంటరిగా ఉండకండి, వెంటనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడతారు.

పెళ్లి విషయం. మీకు అమ్మాయిలూ ఇష్టమే కాబట్టి, రేపు ఒకమ్మాయి నచ్చి, ఆమెకు మీ సంగతంతా తెలిసి చేసుకుంటే అది మీ ఇద్దరి ఇష్టం. నిద్ర పట్టడం కోసం చేసుకుంటానంటే మాత్రం నేనొప్పుకోను, ఆ అమ్మాయేం టాబ్లెట్ కాదు కదా. ఇంట్లో ఇప్పుడే అన్నీ చెప్పాల్సిన అవసరం లేదు. 'ఆరోగ్యం బాలేదమ్మా, డాక్టర్ దగ్గరికి వెళ్తున్నా, ఆరు నెలలు సంబంధాలు ఆపండి' అనండి. అందులో అబద్ధమూ లేదు.