అమ్మ సమాధి పక్కాగా కట్టించొచ్చా? పక్కనే నాన్నకు చోటు ఆపుకోవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. అమ్మగారిని నిరుడు టంగుటూరు దగ్గర మీ ఊరి సమాధుల తోటలో పెట్టారు. మీరుండేది హైదరాబాదులో. గ్రానైటుతో సమాధి కట్టిద్దామంటే కమిటీ వాళ్లు ఒప్పుకోవడం లేదు. పక్కన నాన్నగారికి చోటు ఆపమంటే అదీ కుదరదన్నారు. పైగా ఏటా చందా కట్టమంటున్నారు. ఇవన్నీ చట్టంలో ఉన్న రూల్సా, వాళ్లు పెట్టుకున్నవా అని అడిగారు.

ఒంగోలు పక్కన మా ఊరి బాప్టిస్టు సంఘానికి చాలా ఏళ్లు సెక్రటరీగా చేశాను. తోట పుస్తకం నా దగ్గరే ఉండేది. కాబట్టి మీకిప్పుడు కోపం తెప్పిస్తున్న ఆ కమిటీ కుర్చీలో కూర్చున్నవాణ్ణే నేనూ.

ముందు ఆ నేల ఎవరి పేరు మీద ఉందో కనుక్కోండి. ఊరి సచివాలయంలో సర్వే నంబరు అడిగి, అడంగల్లో, అంటే ఊరి భూముల రికార్డులో, ఏమని రాసుందో చూడండి. మన వైపు మూడు రకాలు కనిపిస్తాయి. ఒకటి, మిషన్ కొన్న స్థలం. అమెరికా బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర 1866లో ఒంగోలు వచ్చాడు, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఊరూరా సంఘాలు పుట్టాయి గానీ ప్రతి సంఘానికీ మిషన్ స్థలం కొనిపెట్టలేదు. అందుకే చాలా పల్లెల్లో తాతముత్తాతల్ని పెట్టిన వాగు గట్టే తోటగా మిగిలింది. అది రికార్డుల్లో శ్మశానం పోరంబోకు (శ్మశానానికి వదిలిన సర్కారు భూమి) అని ఉంటే రెండో రకం. మూడోది, ఎవరో పెద్దాయన నోటిమాటగా ఇచ్చిన చెక్క. మనవళ్లు పెద్దవాళ్లయ్యాక గొడవలొచ్చేది ఈ మూడోదానితోనే.

మిషన్ స్థలమైతే దాని యాజమాన్యం చెప్పిందే రూలు. పోరంబోకు అయితే అది పంచాయతీ చూసుకోవాల్సిన భూమి. శ్మశానాల ఏర్పాటూ నిర్వహణా పంచాయతీ పనేనని 1994 పంచాయతీరాజ్ చట్టంలోనే ఉంది. అలాంటి చోట సంఘం కమిటీ పెట్టేది ఊరి కట్టుబాటు మాత్రమే, చట్టం కాదు. అయినా సరే, చట్టం కాదు కదా అని ఎదురు తిరగకండి. అమ్మగారిని పెట్టిన ఆరడుగులు మీకెవరూ రిజిస్టరు చేసివ్వలేదు. పెట్టుకోవడానికి చోటిచ్చారు, ఆ నేల అందరిదీ. నేను చెప్పదలుచుకున్నదంతా ఈ ఒక్క మాట మీదే నడుస్తుంది.

ఇక పక్కా సమాధి సంగతి. మీ వాళ్లు వద్దనడానికి రెండు కారణాలుంటాయి. రెండూ సరైనవే.

మొదటిది నేల. టంగుటూరు, కొండపి వైపు నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు చెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది. దానికి తోడు కొత్త గుంటలో మట్టి వదులుగా ఉంటుంది, లోపల పెట్టె మూత కుంగినప్పుడు పైనున్న మట్టి కూడా దిగుతుంది. మా తోటలో ఒకాయన తండ్రికి నలభయ్యో రోజు కూడిక లోపే సమాధి పూర్తవ్వాలని పట్టుబట్టి కట్టించాడు. చుట్టూ ఇటుక గోడ, పైన చీమకుర్తి గ్యాలక్సీ గ్రానైటు పలక, తల దగ్గర నిలువు రాయి. ఆ కార్తీకంలో వాయుగుండం వానలు పడ్డాయి. పలక కాళ్ల వైపు జానెడు దిగింది, తలరాయి వెనక్కి వాలింది, గోడ మూల దగ్గర చీలిన సందులోంచి లోపలి చీకటి కనపడేది. పిల్లలు అటు పోవడమే మానేశారు. ఆయన పెట్టిన ఖర్చుకు మా ఊళ్లో ఒక గది లేచేది.

మీరు కట్టాలనుకుంటే కనీసం ఒక వానాకాలం పూర్తిగా పోనివ్వండి. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, సంక్రాంతి దాటాక మొదలుపెట్టండి. గోడ బరువు గుంట మట్టి మీద పడకూడదు. గుంట అంచుకు బయట, తవ్వని గట్టి నేల మీద నాలుగు వైపులా సన్నటి కాంక్రీటు బెడ్డు పోయించి, దాని మీద అడుగు ఎత్తుకు మించకుండా కట్టించండి. మధ్యలో పలక పరిచి మూసెయ్యొద్దు, మట్టి అట్టనే ఉండనివ్వండి. కుంగితే రెండు తట్టల మట్టి పోస్తే సరిపోతుంది. సింగరాయకొండ, కొత్తపట్నం వైపు ఇసుక నేలల్లో కష్టం వేరు. అక్కడ గుంట తీసేటప్పుడే పక్కలు విరిగిపడతాయి, వానాకాలంలో కింద నీళ్లూ ఊరతాయి.

రెండో కారణం చోటు. దీన్ని కమిటీ వాళ్లు మీ మొహాన చెప్పడానికి మొహమాటపడి ఉంటారు. కాంక్రీటుతో మూసిన సమాధిని మళ్లీ తెరవలేం. మట్టి సమాధి అయితే అదే కుటుంబానికి మళ్లీ పనికొస్తుంది. మా దగ్గర పదిహేనేళ్లు దాటితే, ఇంటివాళ్లు ఒప్పుకుంటే, అదే చోట ఇంకొకరిని పెడతాం. గుంట తీసే పెద్దాయన గడ్డపార దించుతూ చెప్పేవాడు: "ఇంక చాల్లే అబ్బయ్యా, మట్టి రంగు మారింది, అమ్మ ఇక్కడే ఉండాది." అక్కణ్ణుంచి గడ్డపార పక్కన పెట్టి చేత్తో తీసేవాడు. దొరికిన ఎముకల్ని కొత్త తెల్లగుడ్డలో చుట్టి, అడుగున ఇంకాస్త లోతు చేసి పెట్టేవాళ్లం, పాస్టరుగారు చిన్న ప్రార్థన చేసేవారు. చూసినవాళ్లెవరూ దాన్ని అపచారం అనుకోలేదు. ఒంగోలులో మా ఇంటి పక్కన సాయిబుగారు చెప్పేవారు, వాళ్ల ఖబరస్తాన్‌లోనూ పక్కా కట్టడం వద్దనే పెద్దలు చెబుతారట.

నాన్నగారి చోటు విషయానికి వద్దాం. ఖాళీ చోటు ఆపుకోవడాన్ని మా కమిటీ ఒకసారి తీర్మానం చేసి మరీ ఆపేసింది. కాస్త కలిగిన కుటుంబం ఒకటి బతికున్న ముగ్గురి కోసం నాలుగు మూలలా రాళ్లు పాతింది. ఆ ఏడే కూలికి పోయే ఇంట్లో ఒక పిల్ల పోతే, వాగు ఒడ్డున నీళ్లు తగిలేచోట పెట్టాల్సొచ్చింది. ఆ తర్వాత ఎవరు అడిగినా ఒకటే జవాబు. అయితే ఒక వెసులుబాటు ఉంచాం. బతికున్న భర్తకో భార్యకో ఒక్క చోటు, కాగితం మీద రాసుకుని, సంఘం పుస్తకంలో ఎక్కించి ఇస్తాం. పిల్లలకూ మనవళ్లకూ కుదరదు. ఆ ఇంటివాళ్లు వరసగా మూడేళ్లు తోట మొహం చూడకపోతే ఆ కాగితం చెల్లదు. మీరు కూడా "చోటు కొనుక్కుంటాం" అనకుండా ఇట్టా అడిగి చూడండి. డబ్బు మాట ఎత్తితే పెద్దలు బిగుసుకుపోతారు.

చందా కట్టండి. రసీదు అడగండి. ఆ డబ్బు ఎటు పోతుందో మీకు హైదరాబాదు నుంచి కనపడదు. ఏడాది వదిలేస్తే తోటంతా చిల్లకంప (సర్కారు తుమ్మ) కమ్మేస్తుంది, దాని వేళ్లు ఇటుక సందుల్లో దూరి గోడల్ని పగలగొడతాయి. కొట్టించాలంటే కూలి. జేసీబీ అయితే తక్కువలో పోతుంది గానీ, చిన్న సమాధుల గుర్తులు దాని బకెట్టు కిందే పోతాయి. పక్క ఊళ్లో ఒక కాంట్రాక్టరు మనిషి పండగ ముందు ఒక్క పూటలో తోటంతా చదును చేసి పోయాడు. ఎవరి తల్లి ఎక్కడో తెలియక నాలుగైదు కుటుంబాలు ఒకే దిబ్బ మీద కొవ్వొత్తులు పెట్టాయి. అందుకే మేం పొడుగు నోటుబుక్కులో తోట పటం గీసుకుని, వేపచెట్టు నుంచి ఎన్నో వరస, ఎన్నో సమాధి అని రాసేవాళ్లం. మీ అమ్మగారి పేరు, తేదీ, మీ ఫోన్ నంబరు అట్టాంటి పుస్తకంలో ఉన్నాయో లేవో చూసుకోండి. అసలు పుస్తకమే లేకపోతే మీరే ఒకటి కొనిచ్చి మొదలుపెట్టించండి. గ్రానైటు కన్నా అది ఎక్కువ కాలం పనికొస్తుంది.

కమిటీలకు అసలు తలనొప్పి సమాధులు కాదు, దారి. శవపేటిక మోసుకుని పోవాల్సిన దారి ఎవరి చేలోంచో ఉంటుంది. మొన్నటిదాకా ఊరుకున్న రైతు పొగాకు నాటాక ఊరుకోడు, తీరం వైపైతే రొయ్యల చెరువు గట్టు అడ్డొస్తుంది. శవం భుజాల మీద ఉండగా బతిమాలుకోవడం కన్నా నరకం లేదు. దారి రికార్డులో ఉంటే మామూలు రోజుల్లోనే తహసీల్దారుకు అర్జీ పెట్టి సర్వే చేయించి రాళ్లు పాతించుకోవాలి. కదలకపోతే ఒంగోలు కలెక్టరేటులో సోమవారం గ్రీవెన్సుకు పోవాలి. ఇంకో సంగతి కూడా చెప్పక తప్పదు. ఒకే పాట పుస్తకం పాడుకునే మాలపల్లెకూ మాదిగపల్లెకూ చాలా ఊళ్లలో తోటలు వేరు. దారి కోసం రెండు పల్లెలూ కలిసి అర్జీ పెడితే అధికారి త్వరగా కదులుతాడు. కలిసి పెట్టించడమే కష్టం.

"కమిటీతో ఈ తంటా ఎందుకు, మా పొలంలోనే పెట్టుకుంటాం" అనేవాళ్లూ ఉన్నారు. కొత్తచోట పూడ్చాలంటే పంచాయతీ అనుమతి కావాలి. ఛత్తీస్‌గఢ్‌లో ఒక పాస్టరు గారి అంత్యక్రియల మీద ఆయన కొడుకు వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 2025 జనవరి 27న ఇద్దరు జడ్జీలు చెరో తీర్పూ చెప్పారు. సొంత పొలంలో పెట్టుకోనివ్వమని ఒకరు, కేటాయించిన చోటే పెట్టాలని ఒకరు. శవం అప్పటికే దాదాపు మూడు వారాలుగా మార్చురీలో ఉందని, కేసును మూడో జడ్జికి పంపకుండా, ఇరవై పాతిక కిలోమీటర్ల అవతలి క్రైస్తవ శ్మశానంలో పెట్టమని ఆదేశించారు. ఆ కొడుకు పడ్డ యాతన తల్చుకుంటే మన కమిటీలు నయమనిపిస్తాయి.

ఒకసారి పెట్టాక వేరేచోటికి మార్చాలనుకున్నా సంఘం మాట చాలదు, మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా తవ్వి తీయకూడదు. ఎవరైనా కావాలని సమాధిని పాడుచేస్తే మాత్రం భారతీయ న్యాయ సంహిత 301 కింద కేసు పెట్టొచ్చు, ఏడాది దాకా శిక్ష ఉంది.

మరణ ధ్రువపత్రం తీసుకున్నారో లేదో మీరు రాయలేదు. ఇంటి దగ్గర పోయినవాళ్ల విషయంలో చాలామంది భూస్థాపనతో అయిపోయిందనుకుంటారు. 21 రోజుల్లోపు పంచాయతీ కార్యదర్శికి చెప్పి నమోదు చేయించాలి. ఏడాది దాటితే ఆర్డీవో ఆఫీసు దాకా పోవాలి. అమ్మగారికి ఏడాది నిండబోతోంది కాబట్టి తీసుకోకపోతే సమాధి కన్నా ముందు ఆ పని చూడండి. బ్యాంకు, భూమి, ఫ్యామిలీ పెన్షన్ అన్నీ దాంతోనే ముడి.

రాయి గురించి రెండు మాటలు. చీమకుర్తి గ్యాలక్సీ ప్రపంచమంతా పోతుంది, మనకు మాత్రం కటింగు యూనిట్ల దగ్గర మిగిలిన ముక్కలు చవకగా దొరుకుతాయి. తలరాయికి ఒక ముక్క చాలు. పాలిష్ మీద పైపైన గీసి బంగారు రంగు నింపుతామంటారు, ఆ రంగు మన ఎండలకు నిలవదు. అక్షరాలు వేలికి తగిలేంత లోతుగా చెక్కించండి, రంగు పోయినా చదవొచ్చు. మార్కాపురం పలక అందంగా ఉంటుంది గానీ పొరలు లేస్తుంది. బాత్రూం టైల్సు అంటించొద్దు, ఇనుప గ్రిల్లు పెట్టొద్దు. మొదటివి ఊడిపోతాయి, రెండోది పాతసామాన్ల కొట్టుకు చేరుతుంది. రావి, మర్రి మొలక కనపడితే తుంచకుండా వేరుతో సహా పీకండి.

నవంబరు 2కి సమాధుల పండగకు వస్తామని రాశారు. అప్పుడు వానలు ఉంటాయి కాబట్టి మట్టి పోయించడం, కలుపు తీయించడం, కమిటీతో కూర్చుని మాట్లాడటం పెట్టుకోండి. సున్నం మాత్రం ఈస్టరుకు ఉంచండి. ముందు రోజే నానబెట్టి, గుప్పెడు ఉప్పూ కాస్త నీలిమందూ కలిపి, రెండు పూతలు వేయిస్తే పండగ తెల్లవారుజాముకు ఆరిపోయి ఉంటుంది. నవంబరులో కొట్టిన సున్నం వారం కూడా నిలవదు.