త్వరగా తగ్గాలా, నిదానంగా తగ్గాలా? విశాఖ పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి విశాఖపట్నం నుంచి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం బరువు గురించే. అడిగిన తీరు వేరైనా అందరి ఆత్రం ఒక్కటే: తొందరగా తగ్గాలి. తొందర ఎప్పుడు పనికొస్తుందో, ఎప్పుడు ప్రమాదమో ఎవరి పరిస్థితిని బట్టి వారికి చెబుతున్నాం.

ప్రశ్న: చెల్లెలి పెళ్లి ఇంకా నలభై రోజులుంది. నా వయసు 34, ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 72 కిలోలు. ఎనిమిది కిలోలు తగ్గాలని పళ్లరసాలు, సూపులు మాత్రమే తాగాను. ఐదు రోజుల్లో మూడు కిలోలు తగ్గాను. నీరసంగా ఉండి రెండు రోజులు మామూలుగా తినేసరికి రెండు కిలోలు తిరిగొచ్చాయి. ఎందుకిలా? – ఓ గృహిణి, గాజువాక

జవాబు: తిరిగొచ్చింది కొవ్వు కాదమ్మా, నీళ్లు. మనం తిన్న పిండిపదార్థంలో కొంత గ్లైకోజెన్ రూపంలో కాలేయంలో, కండరాల్లో నిల్వ ఉంటుంది. మొత్తం కలిపి సుమారు 400 నుంచి 500 గ్రాములు. ప్రతి గ్రాము తనతోపాటు దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. తిండి బాగా తగ్గించగానే ముందు ఈ నిల్వ ఖర్చవుతుంది, దాంతోపాటు నీరూ పోతుంది. అక్కడే రెండు కిలోల దాకా తేడా కనిపిస్తుంది. ఉప్పు తగ్గడం, పేగుల్లో ఆహారం లేకపోవడం మిగతాది. ఐదు రోజుల్లో మీ ఒంట్లో కరిగిన కొవ్వు కిలో కూడా ఉండదు. మళ్లీ అన్నం తినగానే గ్లైకోజెన్ నిండింది, నీరూ వచ్చి చేరింది.

ఇక ఎనిమిది కిలోల లెక్క. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 క్యాలరీల లోటు కావాలి. ఎనిమిది కిలోలకు 61,600. నలభై రోజులకు పంచితే రోజుకు 1,540. మీ ఎత్తు, బరువు, వయసుకు ఇంటిపనితో కలిపి రోజుకు దాదాపు 1,950 క్యాలరీలు ఖర్చవుతాయి. అంటే మీరు తినడానికి మిగిలేది 400. నాలుగు ఇడ్లీలు, కాస్త కొబ్బరి చట్నీతో రోజంతా గడపాలన్నమాట. పైగా పళ్లరసాల్లో మాంసకృత్తులు దాదాపు ఉండవు కాబట్టి ఒళ్లు తన కండనే కరిగించుకుంటుంది. పెళ్లినాటికి ముఖం పీక్కుపోయి, చీర కుచ్చిళ్లు పెట్టుకునే ఓపిక కూడా ఉండదు.

రోజుకు 550 క్యాలరీల లోటుతో నలభై రోజుల్లో మూడు కిలోల లోపు కొవ్వు కరుగుతుంది. నీరు కొంత పోవడంతో కాటా మీద మూడున్నర, నాలుగు కిలోల తేడా కనిపించవచ్చు. జాకెట్టు వదులవడానికి అది చాలు. అందుకు రోజుకు 1,400 క్యాలరీల తిండి ఇలా ఉంటుంది. పొద్దున్న 50 గ్రాముల పెసలతో వేసిన రెండు పెసరట్లు, అల్లం చట్నీ. మధ్యాహ్నం 60 గ్రాముల బియ్యం వండిన అన్నం, 30 గ్రాముల కందిపప్పుతో పప్పు, గిన్నెడు కూర, 120 గ్రాముల చేప, గ్లాసు పల్చటి మజ్జిగ. సాయంత్రం 30 గ్రాముల శనగల గుగ్గిళ్లు, చక్కెర లేని టీ. రాత్రి రెండు చిన్న పుల్కాలు, కూర, ఒక గుడ్డు. రోజు మొత్తానికి నూనె నాలుగు చెంచాలు, అంటే 20 మిల్లీలీటర్లు. బియ్యం, పప్పు, శనగలు అన్నీ పచ్చివి తూచిన లెక్క. ఈ తిండిలో మాంసకృత్తులు 70 గ్రాములు దాటతాయి, కండ నిలుస్తుంది.

చేప వేపుడు వద్దు, పులుసు చేసుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం ఉన్నప్పుడు వంజరం, చందువ దొరక్కపోతే చెరువు చేప గానీ రెండు గుడ్లు గానీ 40 గ్రాముల మీల్‌మేకర్ గానీ సరిపోతాయి.

ప్రశ్న: వయసు 52. తొమ్మిదేళ్లుగా షుగర్ ఉంది. గ్లిమిపిరైడ్, డాపాగ్లిఫ్లోజిన్ వాడుతున్నాను. అన్నం పూర్తిగా మానేసి, రోజుకు ఒక్కపూటే తింటే నెలలో పది కిలోలు తగ్గి మాత్రలు మానేయొచ్చని ఓ మిత్రుడు చెప్పాడు. మొదలుపెట్టనా? – ఓ విశ్రాంత ఉద్యోగి, అక్కయ్యపాలెం

జవాబు: మీ అంతట మీరు మొదలుపెట్టకండి. మీరు వాడే రెండు మందులూ ఈ డైట్‌తో కలిస్తే రెండు రకాల ప్రమాదం.

గ్లిమిపిరైడ్ మీరు తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది. తిండి మానేస్తే షుగర్ 70 కన్నా కిందికి పడిపోతుంది. చెమటలు, చేతుల వణుకు, గుండెదడ, చూపు మసకబారడం, మాట తడబడటం దాని గుర్తులు. అలా అనిపిస్తే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పావుగంట తర్వాత మళ్లీ షుగర్ చూసుకోవాలి. స్పృహ తప్పుతున్న మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు, ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

డాపాగ్లిఫ్లోజిన్ సంగతి ఇంకా గమనించాలి. అది చక్కెరను మూత్రంలో పంపించేస్తుంది. దానికి తోడు పిండిపదార్థం పూర్తిగా మానేస్తే రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్ల పదార్థాలు) ప్రమాదకరంగా పెరిగి రక్తం ఆమ్లమయం కావచ్చు. ఇందులో మోసమేమిటంటే గ్లూకోమీటర్‌లో షుగర్ పెద్దగా పెరిగినట్టు కనిపించదు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం ఉండి కూడా ‘షుగర్ బాగానే ఉందిగా’ అని ఇంట్లోనే ఉండిపోతే ప్రాణం మీదికి వస్తుంది.

మీ మిత్రుడి మాటలో కొంత నిజం లేకపోలేదు. బ్రిటన్‌లో డైరెక్ట్ అనే పరిశోధనలో, షుగర్ వచ్చి ఆరేళ్లలోపు ఉన్న, ఇన్సులిన్ వాడని వారికి మూడు నుంచి ఐదు నెలలపాటు రోజుకు సుమారు 850 క్యాలరీల ద్రవాహారం ఇచ్చారు. ఏడాది తర్వాత చూస్తే దాదాపు సగం మందికి మందులు లేకుండానే షుగర్ అదుపులో ఉంది. ఇక్కడ వేగంగా తగ్గడమే చికిత్స. కానీ వాళ్లకు షుగర్, బీపీ మాత్రలు మొదటిరోజే ఆపించారు, ఆ తర్వాత క్రమం తప్పకుండా చూస్తూ వచ్చారు, మామూలు ఆహారాన్ని కొన్ని వారాలపాటు కొంచెం కొంచెంగా కలిపారు. మీకు తొమ్మిదేళ్ల షుగర్ కాబట్టి ఫలితం అంత ఉండకపోవచ్చు. కిడ్నీ, లివర్, పొటాషియం, యూరిక్ ఆమ్లం పరీక్షలు చేయించి, ఏ మాత్ర ఎప్పుడు తగ్గించాలో మీ డాక్టరుతో రాయించుకున్నాకే అడుగు వేయండి. అప్పటిదాకా మాత్రలూ మానవద్దు, పూటలూ మానవద్దు. మధ్యాహ్నం అన్నంలో మూడో వంతు తీసేసి ఆ చోటులో కూర పెట్టుకోవడం ఈరోజే చేయొచ్చు.

ప్రశ్న: ఎనిమిది వారాల్లో 13 కిలోలు తగ్గాను. నూనె చుక్క కూడా ముట్టలేదు. ఇప్పుడు దువ్వెన నిండా జుట్టు వస్తోంది. రాత్రి భోంచేశాక కుడివైపు పక్కటెముకల కింద నొప్పి వచ్చి వీపులోకి పాకుతోంది. గ్యాస్ అనుకోవచ్చా? – ఓ ఉద్యోగిని, ఎం.వి.పి. కాలనీ

జవాబు: అనుకోవద్దు. రాత్రి నుంచి ఏమీ తినకుండా ఉండి పొద్దున్నే పొట్ట స్కానింగ్ చేయించండి. పిత్తాశయంలో (గాల్‌బ్లాడర్) రాళ్లు ఏర్పడినప్పుడు వచ్చే నొప్పి సరిగ్గా ఇలాగే ఉంటుంది.

వారానికి కిలోన్నర దాటి తగ్గేవారిలో ఈ రాళ్ల ముప్పు పెరుగుతుంది. మీరు వారానికి 1.6 కిలోలు తగ్గారు. కొవ్వు గబగబా కరిగేటప్పుడు అందులోని కొలెస్టరాల్ కాలేయం ద్వారా పైత్యరసంలోకి చేరుతుంది. పిత్తాశయం ముడుచుకుని ఆ రసాన్ని బయటికి పంపాలంటే తిండిలో కొంచెం కొవ్వు తగలాలి. నూనె పూర్తిగా మానేస్తే అది ముడుచుకోదు, చిక్కబడ్డ రసం అక్కడే నిలవ ఉండి రాయి కడుతుంది. అందుకే ఎంత కఠినమైన డైట్ చేసేవారైనా రోజులో ఒక్క పూటన్నా రెండు చెంచాల నూనె గానీ గుప్పెడు వేరుశనగ గుళ్లు గానీ తప్పనిసరిగా తినాలి. ఇప్పుడు నొప్పి ఉంది కాబట్టి మీరు మాత్రం స్కానింగ్ అయ్యాక డాక్టరు చెప్పినట్టే తినండి. నొప్పి ఐదారు గంటలు తగ్గకపోయినా, చలిజ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా అదే రాత్రి ఆసుపత్రికి వెళ్లాలి.

జుట్టు సంగతి అంత భయపడేది కాదు. తిండి హఠాత్తుగా తగ్గితే చాలా వెంట్రుకలు ఒకేసారి విశ్రాంతి దశలోకి వెళ్లి, రెండు మూడు నెలలకు రాలతాయి. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించి లోటును సరిచేసుకుంటే, మాంసకృత్తులు సరిపడా తింటే, ఆరు నెలల్లో చాలావరకు తిరిగొస్తుంది. బయోటిన్ మాత్రలు ఈపాటికే కొనే ఉంటారు. బయోటిన్ లోపం లేనివారికి వాటివల్ల ఉపయోగం కనిపించదు, పైగా థైరాయిడ్ పరీక్షను తప్పుగా చూపిస్తాయి. పరీక్షకు ముందు ఎన్ని రోజులు ఆపాలో ల్యాబ్‌లో అడగండి.

ప్రశ్న: ఆర్.కె. బీచ్‌లో రోజూ గంట నడుస్తున్నాను. చొక్కా పిండితే నీళ్లు కారతాయి. మూడు నెలలైనా కిలో తగ్గలేదు. – ఓ వ్యాపారి, దసపల్లా హిల్స్

జవాబు: విశాఖ ఉక్కపోతలో చెమట ఆరదు, అందుకే చొక్కా తడుస్తుంది. చెమటకూ కొవ్వుకూ సంబంధం లేదు. గ్లాసు నీళ్లు తాగగానే ఆ బరువు తిరిగొస్తుంది. 70 కిలోల మనిషి గంటసేపు చురుగ్గా నడిస్తే 250 నుంచి 300 క్యాలరీలు ఖర్చవుతాయి. నడక అయ్యాక తినే పూరీ కూరతో అవి ఒక్క ప్లేటులో వచ్చేస్తాయి. నడక మానకండి, గుండెకూ షుగర్‌కూ అది మేలే. వారంలో మూడు రోజులు మాత్రం నడక పావుగంట తగ్గించి, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పన్నెండేసి సార్లు మూడు విడతలు, గోడకు చేతులానించి చేసే దండీలు కూడా అన్నేసి సార్లు చేయండి. కండ నిలవాలంటే దానికి పని చెప్పాలి.

ప్రశ్న: అన్నం బదులు చోడి (రాగి) అంబలి, గంటె (సజ్జ) సంకటి తింటే సన్నబడతామా? – ఓ పాఠకుడు, పెందుర్తి

జవాబు: బియ్యమైనా చోళ్లైనా గంటెలైనా వంద గ్రాముల్లో క్యాలరీలు దాదాపు సమానం. చోళ్లలో పీచు, కాల్షియం ఎక్కువ. త్వరగా ఆకలి వేయదు. ఆ కారణంగా తక్కువ తింటే తగ్గుతారు. అన్నం తిన్నాక పైన అంబలి కూడా తాగితే పెరుగుతారు.

ప్రశ్న: ఉక్కు కర్మాగారంలో షిఫ్టు పని. బరువు 88. డ్యూటీ మారినప్పుడల్లా డైట్ చెడిపోతోంది. నాకు కుదిరేది ఏమన్నా ఉందా? – ఓ కార్మికుడు, కూర్మన్నపాలెం

జవాబు: మీలాంటివారికి నిదానమైన దారి ఒక్కటే సురక్షితం. వేడి దగ్గర పనిచేస్తూ ఉపవాసాలు, ఉప్పులేని రసాల డైట్లు చేస్తే ఒంట్లో నీరు, లవణాలు తగ్గి కళ్లు తిరిగి పడిపోతారు. యంత్రాల మధ్య అలా జరగకూడదు.

రాత్రి షిఫ్టు ఉన్నరోజు భోజనం డ్యూటీకి వెళ్లేముందే, ఎనిమిదిన్నర లోపు ముగించండి. అర్ధరాత్రి ఆకలికి రెండు ఉడికించిన గుడ్లో, డబ్బాలో శనగలో పట్టుకెళ్లండి. ఉప్పు వేసిన మజ్జిగ సీసా ఒకటి (బీపీ ఉంటే ఉప్పు గురించి డాక్టరును అడగండి). పొద్దున్న ఇంటికొచ్చాక ఆకలిగా ఉంటే రెండు ఇడ్లీలు తిని పడుకోండి. చాలామందికి బరువు పెరిగేది ఈ పూటే: రాత్రంతా మేలుకున్న అలసటలో నాలుగు అట్లు తిని నిద్రపోతారు. నిద్ర చాలకపోతే ఆకలి పెరుగుతుంది కాబట్టి, గదిలో చీకటి చేసుకుని ఏడు గంటలైనా పడుకోవాలి.

ఇంటి నూనె లెక్క కూడా చూడండి. లీటరు నూనెలో 8,000కు పైగా క్యాలరీలుంటాయి. నలుగురున్న ఇంట్లో నెలకు నాలుగు లీటర్లు వాడుతుంటే, దాన్ని రెండుకు తెచ్చినప్పుడు మనిషికి నెలకు 4,000 క్యాలరీలు తగ్గుతాయి. అంటే నెలకు అరకిలో కొవ్వు, మిగతా తిండి ఏదీ మార్చకుండానే. నూనె డబ్బా నుంచి ఒంపకుండా, నెల మొదట్లో రెండు లీటర్లు విడిగా తీసిపెట్టి చెంచాతో వేయమనండి.

ప్రశ్న: వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్‌తో తగ్గాక ఆపేయొచ్చా? – ఓ పాఠకురాలు, మధురవాడ

జవాబు: అలాంటి ఇంజెక్షన్లలో ఒకటైన సెమాగ్లూటైడ్ వాడి ఆపినవారిని ఏడాది తర్వాత పరీక్షిస్తే, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చినట్టు తేలింది. కాబట్టి బీపీకి మాత్ర వాడినట్టు దీర్ఘకాలం వాడే మందు అనుకునే మొదలుపెట్టాలి. తక్కువ మోతాదుతో మొదలై నెలకోసారి పెంచుతారు. తొందరపడి పెంచితే వాంతులు, మలబద్ధకం ఎక్కువవుతాయి. గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు, ఇంట్లో మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవారు వాడకూడదు. ఆకలి లేదు కదాని మాంసకృత్తులు మానేస్తే కండ పోతుంది.

ప్రశ్న: నెమ్మదిగా తగ్గితే బరువు మళ్లీ రాదంటారు. నిజమేనా? – ఓ ఉపాధ్యాయిని, భీమిలి

జవాబు: అది అందరూ అనే మాటే గానీ పూర్తి నిజం కాదు. 2014లో వెలువడిన మెల్‌బోర్న్ పరిశోధనలో రెండు వందల మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టును 12 వారాల్లో, రెండో జట్టును 36 వారాల్లో తగ్గించారు. అనుకున్న బరువు తగ్గినవారు వేగం జట్టులోనే ఎక్కువ. తర్వాత దాదాపు మూడేళ్లు గమనిస్తే, రెండు జట్లలోనూ తగ్గిన బరువులో 70 శాతం చొప్పున తిరిగొచ్చింది.

నిదానం వల్ల లాభం వేరే ఉంది. రాళ్లు, కండ నష్టం, నీరసం తక్కువ. ఆ నెలల్లో వంటింటి అలవాటు మారే వీలుంటుంది. బరువు తగ్గాక ఒంటి ఖర్చు కూడా తగ్గుతుంది, ఆకలి పెరుగుతుంది. అందుకే తగ్గిన తర్వాతి ఏడాదికి కూడా ముందే పథకం కావాలి. వారానికి మూడు రోజులు పొద్దున్నే, బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు కాటా ఎక్కి మూడింటి సగటు రాసుకోండి. ఆవకాయ ఎక్కువ తిన్న మర్నాడో నెలసరి ముందో కిలో, కిలోన్నర పెరగడం నీరే. కంగారుపడి పూట మానకండి. సగటు మాత్రం వరసగా మూడు వారాలు పెరిగి, మొత్తం రెండు కిలోలు దాటితే అదే రోజు నుంచి బియ్యం, నూనె మళ్లీ కొలిచి వండటం మొదలుపెట్టండి. ఐదు కిలోలు పెరిగాక మొదలుపెట్టడం కన్నా ఇది చాలా తేలిక.