అస్త్ర క్షిపణిని సగానికి కుదించి, విమానంలో రెట్టింపు సంఖ్యలో మోయలేమా?

ఆకాశంలో శత్రువిమానాలను కూల్చే మన అస్త్ర క్షిపణి పొడవును సగం చేస్తే మన యుద్ధవిమానాలు రెట్టింపు క్షిపణులను మోయగలవు కదా, మనవాళ్లు ఎందుకు చేయడం లేదని మీరు అడిగారు. చిన్న క్షిపణి మనకు కావలసిందే, అది సాధ్యం కూడా. కానీ ఉన్నదాన్ని కుదిస్తే రాదు. వరంగల్‌లో డిప్లొమా పూర్తిచేసి, తిరిగి హనుమకొండలో స్థిరపడేవరకు నేను హైదరాబాదు బాలానగర్‌లో క్షిపణి భాగాలు తయారుచేసే ఒక చిన్న కార్ఖానాలో పనిచేశాను కనుక, ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది.

రాడార్‌కు చిక్కకూడని విమానం ఆయుధాలను రెక్కల కింద వేలాడదీయకుండా పొట్టలోనే దాచుకోవాలి. అలాంటి అమెరికా విమానం ఎఫ్-35 లోపల ప్రస్తుతం అస్త్ర వంటి ఆమ్‌రామ్ క్షిపణులు నాలుగే పడతాయి. ఆ ఇరుకును దృష్టిలో పెట్టుకొనే అమెరికా సంస్థ రేథియాన్ 2019లో సుమారు 1.8 మీటర్ల పొడవు, 68 కిలోల బరువు గల పెరిగ్రిన్ అనే చిన్న క్షిపణిని ప్రకటించింది. మన అస్త్ర తొలి రకం 154 కిలోలు తూగుతుంది, వ్యాసం 178 మిల్లీమీటర్లు. రేపు మనం తయారుచేసుకోబోయే, రాడార్‌కు చిక్కని యుద్ధవిమానం ఆమ్కాకూ ఇదే ఇరుకు తప్పదు.

పొడవుతోపాటు కొలతలన్నీ సగం చేస్తే ఘనపరిమాణం ఎనిమిదో వంతుకు పడిపోతుంది, ఇంధనమూ అంతే. గాలిని చీల్చే ముఖభాగం మాత్రం నాలుగో వంతు వరకే తగ్గుతుంది. అందువల్ల మోటారు ఆరిపోయిన తరువాత చిన్న క్షిపణి, తన బరువుతో పోలిస్తే రెండింతల గాలి నిరోధాన్ని భరిస్తూ త్వరగా వేగం కోల్పోతుంది. క్షిపణి ముక్కులో ఉండి లక్ష్యాన్ని వెతికే రాడార్‌ను సీకర్ అంటారు; దాని యాంటెన్నా వ్యాసం సగమైతే, తరంగదైర్ఘ్యం, ప్రసార శక్తి మారనప్పుడు, లక్ష్యాన్ని పసిగట్టే దూరమూ సగమే అవుతుంది. పేలుడు భాగమైన వార్‌హెడ్ చిన్నదైనకొద్దీ లక్ష్యానికి అంత దగ్గరగా వెళ్లి పేలాలి, లేదా నేరుగా ఢీకొట్టాలి. టీవీ చర్చల్లో ఎన్ని కిలోమీటర్లు పోతుందన్న ఒక్క అంకె చుట్టూనే గంటలు గడిపేస్తారు. ఈ లెక్కలు ఎవరూ చెప్పరు.

అసలు కష్టం ఆ గొట్టం లోపల ఉంది. సీకర్, ఎలక్ట్రానిక్ బోర్డులు, థర్మల్ బ్యాటరీ, వార్‌హెడ్‌ను పేల్చే ఫ్యూజ్, రెక్కలను తిప్పే యాక్చుయేటర్లు అన్నీ మేడారం బండిలో సామాను సర్దినట్టు ఒకదానిలో ఒకటి ఇమడాలి. అందుకోసం గొట్టం గోడను పలుచన చేయవలసి వస్తుంది. మా కార్ఖానాకు ఒకసారి అలాంటి పలుచని అల్యూమినియం గొట్టాల పని వచ్చింది. లేత్ మీద ఉన్నంతసేపు, కొలతలో తేడాను చూపే డయల్ గేజ్ ముల్లు కదలలేదు, కొలత నిక్కచ్చిగా ఉంది. లేత్ మీద పట్టి ఉంచే చక్ విప్పగానే గొట్టం మూడు చోట్ల ఉబ్బి, గుండ్రదనం పోయింది: మూడు దవడలు నొక్కిన చోట లోహం లోపలికి వంగి, ఆ వంపు మీదే కోత పడి, పట్టు వదలగానే వెనక్కి లేచింది. గడువు దగ్గరపడిందని యాజమాన్యం తొందరపెడుతుంటే, కరీంనగర్ నుంచి వచ్చిన మా పెద్ద మేస్త్రీ యంత్రం ఆపేశాడు. "గొట్టంది తప్పు కాదు బిడ్డా, మన పట్టుది తప్పు. చుట్టూత సమానంగ పట్టాలె" అని, మెత్తని లోహంతో గొట్టాన్ని మొత్తం చుట్టి పట్టుకొనే దవడలు చేయించాడు. ముందు మందంగా కోసి, ఒత్తిడి వదిలేందుకు వేడిచేసి చల్లార్చి, చివరి కోతను పలుచగా తీయించిన తరువాతే కొలత నిలిచింది.

చిన్న క్షిపణులు ఆలస్యమయ్యేది ఇటువంటి చేతులు తక్కువై అని నేను నిస్సందేహంగా చెబుతాను. మా జిల్లాలో డిప్లొమా పూర్తిచేసిన పిల్లలకు కంప్యూటర్‌లో బొమ్మ గీయడం వచ్చు, కానీ డయల్ గేజ్‌ను చేత్తో పట్టినవారు అరుదు. వర్క్‌షాపులో లేత్ తుప్పు పట్టి ఉంటుంది, పరీక్ష మాత్రం ప్రతి ఏడూ పాసవుతారు. పరిశోధనశాలల్లో మేధావులకు కొరత లేదు.

కనుక అస్త్రను దూరపు పోరుకు అలాగే ఉంచి, చిన్నదాన్ని సీకర్ నుంచి మొదలుపెట్టి వేరుగా రూపొందించాలి. డీఆర్‌డీవో తయారుచేసిన స్వదేశీ రేడియో తరంగ సీకర్‌తో 2025 జూలైలో సుఖోయ్-30 నుంచి అస్త్రను పరీక్షించారు, కాబట్టి పునాది ఉంది. ఇకపై ఆ సీకర్‌ను మరింత ఎక్కువ పౌనఃపున్యానికి తీసుకుపోవాలి. అప్పుడు చిన్న యాంటెన్నా నుంచి కూడా సన్నని పుంజం వస్తుంది. వానలోనూ మబ్బుల్లోనూ ఆ తరంగాలు ఎక్కువ బలహీనపడతాయి కనుక, ఆ నష్టాన్ని పూడ్చే శక్తిని కూడా అదే ఇరుకు గొట్టంలో సమకూర్చాలి.