సరుకులు డీమార్ట్‌లో, అప్పు సేటు దగ్గరా?

ప్రశ్న: మాది హైదరాబాద్, బోడుప్పల్. నెలకు సరుకులకు 9 వేల దాకా అవుతుంది. మొదటి నుంచీ వీధి చివర సేటు దగ్గరే తీసుకునేవాళ్లం. లాక్‌డౌన్‌లో మావారికి జీతం రానప్పుడు మూడు నెలలు ఖాతా మీదే ఇచ్చాడాయన. ఇప్పుడు డీమార్ట్‌కి వెళ్తున్నాం, ఆ సంచులతో ఆయన కొట్టు ముందు నుంచి రావాలంటే ముఖం చెల్లడం లేదు. చిన్నవాళ్ల పొట్ట కొడుతున్నామా? పాలు, పెరుగు, మధ్యలో అయిపోయినవి మాత్రం ఇప్పటికీ ఆయన దగ్గరే, నెలాఖరుకి లెక్క చూసి ఇచ్చేస్తాం.

జవాబు: అమ్మా, అసలు సంగతి మీ ఆఖరి వాక్యంలో ఉంది. దాని దగ్గరికి వస్తాను, ముందు డబ్బు లెక్క చూద్దాం.

మీరు పంపిన బిల్లు అడుగున 1,140 రూపాయలు ఆదా అని ఉంది. అది ఎమ్మార్పీతో పోల్చి వేసిన లెక్క, సేటు అమ్మే ధరతో కాదు. నూనె ప్యాకెట్‌ను ఎమ్మార్పీకి అమ్మే కిరాణా కొట్టు నేనైతే చూడలేదు. నూనె, కందిపప్పు, సబ్బులు, సర్ఫ్ ఆయన దగ్గర ఎంతో ఒకసారి అడిగి పక్కన రాసుకోండి, నిజమైన తేడా 600 దాటితే గొప్పే. అదే బిల్లులో ప్లాస్టిక్ డబ్బాల సెట్టు, పిల్లాడి టీషర్టు, రెండు పెద్ద చాక్లెట్ ప్యాకెట్లు కలిపి 870. ఇవి మీరు రాసుకెళ్లిన చీటీలో లేవని పందెం కాస్తాను!

ఇక తప్పొప్పుల మాట. రాధాకిషన్ దమానీ 2002లో ముంబై పొవాయిలో మొదటి డీమార్ట్ తెరిచినప్పటి నుంచీ వాళ్ల పద్ధతి ఒకటే: చాలావరకు సొంత భవనాలు కాబట్టి అద్దె గొడవ తక్కువ, సరుకు వేసినవాళ్లకు త్వరగా డబ్బు కట్టేసి ధర తగ్గించుకోవడం, 100 రూపాయలు అమ్మితే కొన్న ధర పోగా దాదాపు 15తో సరిపెట్టుకోవడం. ఇందులో పాపం ఏమీ లేదు. రోజంతా నిలబడి పనిచేసే అమ్మాయిల సంగతి అడగాల్సిందే, కూర్చునే హక్కు కోసం కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టం తెచ్చాయంటే ఊరికే తేలేదు. కానీ 20 మంది ఉన్న చోట పీఎఫ్ తప్పనిసరి, సేటు కొట్లో బస్తాలు మోసే కుర్రాడికి అదీ ఉండదు. కాబట్టి ఇటు పుణ్యం, అటు పాపం అని గీత గీయలేం.

నాకు తప్పుగా కనిపించేది వేరే. డీమార్ట్‌లో అక్కడికక్కడే డబ్బు కడుతున్నారు, సేటుకి మాత్రం నెలాఖరుకి. ఆయన దగ్గరికి డిస్ట్రిబ్యూటర్ మనిషి వారం తిరిగేసరికి వసూలుకి వచ్చేస్తాడు, పాల డబ్బులైతే ఏ రోజుకారోజే. అంటే లాభం వచ్చే పెద్ద బేరం తీసుకెళ్లి వేరేచోట నగదుకి చేసి, పెద్దగా ఏమీ మిగలని పాలు పెరుగు ఆయన పెట్టుబడి మీద నెలంతా వాడుకుంటున్నారు, అదీ వడ్డీ లేకుండా. చిన్న కొట్లు మూతపడేది బేరం తగ్గడం వల్ల ఎంతో, చేతిలో డబ్బు ఆడకపోవడం వల్ల కూడా అంతే. డీమార్ట్ మానేయమని చెప్పను, ఖాతా మానేయండి. పాలు తెచ్చుకున్నప్పుడే ఫోన్‌పే కొట్టేయండి.

అయితే ఆ ఖాతా మీకు ఇన్నాళ్లూ ఇన్సూరెన్స్‌లా పనిచేసింది, దాన్ని వదిలితే బదులు ఒకటి ఉండాలి. మూడు నెలల సరుకులకు 27 వేలు విడిగా పెట్టుకోండి. 600 చొప్పున ఆర్డీ కడితే నాలుగేళ్లకు దగ్గర పడుతుంది, డబ్బాలూ చాక్లెట్ల 870 కూడా అందులోకే మళ్లిస్తే ఏడాదిన్నర చాలు.

బియ్యం ధర మాత్రం రెండుచోట్లా కనుక్కోండి. (25 కిలోల దాకా ప్యాకింగ్ బియ్యం మీద 2022 జులైలో 5 శాతం జీఎస్టీ పెట్టాక బస్తాలు 26 కిలోలైపోయాయి కాబట్టి కిలో లెక్కన చూడండి.) మొత్తం బస్తా మీద 20, 30 రూపాయల తేడా అయితే సేటు దగ్గరే నగదుకి తీసుకోండి, ఇంటికి తెచ్చి వేస్తాడు కూడా. పాత బాకీ ఏమైనా మిగిలి ఉంటే జీతం పడగానే ముందు అది తీర్చండి, ఆ తర్వాతే డీమార్ట్.