అన్నం తింటుంటే దవడ కింద ఉబ్బడం టాన్సిల్స్ వల్లేనా?

తినడం మొదలుపెట్టగానే కుడి దవడ కింద ఉబ్బుతోందని, గంటలో దిగిపోతోందని, టాన్సిల్స్ తీయించుకోవాలా అని అడిగారు. తొందరపడకండి. ఇదే వాపుతో నేను నాలుగు నెలలు టాన్సిల్స్‌ను ఆడిపోసుకున్నాను. పాపం, వాటి తప్పేమీ లేదు.

మాది తిరుపతి. ఒక వేసవిలో కపిలతీర్థం దారిలో బండి దగ్గర ఉప్పూకారం చల్లిన మామిడికాయ ముక్క నోట్లో పెట్టుకోగానే దవడ కింద నిమ్మకాయంత గడ్డ లేచింది. చిత్తూరులో ఉండే మా అత్త గవద బిళ్ళలని తేల్చేసింది. గొంతు చూసిన మొదటి డాక్టరు టాన్సిల్స్ అని మాత్రలు రాశారు. వాపు మాత్రం పులుపు తిన్నప్పుడల్లా వచ్చి పోతూనే ఉంది.

అద్దం ముందు నోరు తెరిచి చూడండి. మధ్యలో వేలాడేది కొండనాలుక. దానికి అటూ ఇటూ మడతల మధ్య ఒదిగి ఉండేవి టాన్సిల్స్. అవి క్రిములను అడ్డుకునే కణజాలం, లాలాజలం తయారుచేయవు. అవి వాస్తే మింగలేం, జ్వరం వస్తుంది. అంతేగాని పచ్చడి చూసి ఉబ్బి గంటలో దిగవు.

ఇప్పుడు నాలుక పైకెత్తండి. అడుగున సన్నటి పొరకు రెండు పక్కలా చిన్న బుడిపెలు కనిపిస్తాయి. దవడ కింది లాలాజల గ్రంథుల నాళాలు తెరుచుకునేది అక్కడే. గవద బిళ్ళల్లో సాధారణంగా వాచేవి చెవి ముందుండే పెరోటిడ్ గ్రంథులు. వాటి నాళం చెంప లోపల, పై దవడ పెద్ద దంతాల ఎదురుగా తెరుచుకుంటుంది. మూడో జత నాలుక కింద ఉంటుంది.

లాలాజల గ్రంథుల్లో రాళ్ళు ఏర్పడితే నూటికి 80 దాకా దవడ కింది గ్రంథిలోనే. దాని నాళం సుమారు 5 సెంటీమీటర్లు, పైగా ఎదురెక్కే దారి. అందులో పారే లాలాజలం కాస్త చిక్కన, కాల్షియమూ ఎక్కువ. పులుపు తగలగానే లాలాజలం ఊరుతుంది, రాయి అడ్డుపడుతుంది, గ్రంథి ఉబ్బుతుంది. ఊట తగ్గాక, నిలిచిన లాలాజలం రాయి పక్క నుంచి మెల్లగా జారిపోతుంది, వాపు దిగుతుంది.

చివరికి చెవి ముక్కు గొంతు డాక్టరు ఒకరు నోట్లో ఒక వేలు, దవడ కింద మరో చెయ్యి పెట్టి తడిమి నా రాయిని పట్టేశారు. అల్ట్రాసౌండ్‌లోనూ అదే కనిపించింది. నాళం చివరనే ఉండటంతో మత్తు సూది వేసి అక్కడే తీసేశారు. బియ్యపు గింజంత లేదు!

మీరూ అలాంటి డాక్టరుకే చూపించుకోండి. ఈలోగా నీళ్ళు బాగా తాగండి, దవడ కింద వెనక నుంచి ముందుకు మెల్లగా నిమరండి. జ్వరం వచ్చినా, నాలుక కింద చీము కనిపించినా ఆగకుండా వెళ్ళండి. వాపు దిగకుండా గట్టిగా నిలిచిపోతే, నొప్పి లేకపోయినా సరే, అది నాకు వచ్చిన రాయే అనుకుని ఊరుకోవద్దు.