రీల్స్ ఆపలేకపోతున్న, నాకే విల్ పవర్ లేదా?

ప్రశ్న: అన్నా, హన్మకొండల రూమ్ తీస్కొని గ్రూప్-2కి చదువుతున్న. పాలిటీ బుక్ ముందట పెట్టుకొని, ఐదు నిమిషాలు రీల్స్ చూద్దామని ఫోన్ పడ్తే గంట ఎట్ల పోతదో తెల్వదు. యాప్ తీసేస్త, రెండు రోజులకు మళ్ల ఎక్కిస్త. నాకే విల్ పవర్ లేదా, అందరికీ గిట్లనేనా?
- ఓ చెల్లె, పరకాల

జవాబు: విల్ పవర్ సంగతి జర పక్కకు పెట్టు చెల్లె. ఇటు నువ్వు ఒక్కదానివి, అటు దిక్కు నీ వేలు ఎక్కడ ఆగుతుందో లెక్కలు చూస్కుంట దాన్ని ఆగనీయకుండ చేసేటోళ్లు మస్తు మంది, వాళ్ల నౌకరే అది.

ఆ స్క్రోల్‌నే తీస్కో. ఒకప్పుడు వెబ్‌సైట్ల పేజీ అడుగుకు పోతే 1, 2, 3 అని నంబర్లుండేవి, నొక్కితేనే ముందుకు పోయేది, ఆ నొక్కే టైమ్‌కు "ఇగ చాలు తియ్" అనిపించేది. 2006ల అజా రాస్కిన్ అనే డిజైనర్ ఆ అడుగే లేకుండ చేసిండు, కిందికి పోయిన కొద్దీ కొత్తది వస్తనే ఉంటది. తర్వాత ఆయనే ఎందుకు చేసిన్నా అని బాధపడ్డడు కానీ అప్పటికి అన్ని యాప్‌లల్ల పాకింది.

ఇంగోటి, తర్వాత ఏమొస్తదో తెల్వకపోవుడు. స్కిన్నర్ అనే అమెరికా సైకాలజిస్ట్ పావురాలతోని చూసిండు: గింజ ఏ పొడుపుకు పడ్తదో తెల్వనప్పుడే అవి ఎడతెరిపి లేకుండ పొడిచినయి, గింజలు బంద్ జేసినా చానసేపు వదల్లే. మన మేడారం జాతరల రింగులాట కాడ ఏసిన ప్రతి రింగుకు సబ్బు పడ్తే ఎవడన్న అంతసేపు నిలబడ్తడా? నాలుగు పనికిరాని రీల్స్ తర్వాత ఒక్కటి కడుపుబ్బ నవ్వించేది వస్తది చూడు, నిన్ను ఫోన్ కాడ కట్టేసేది ఆ ఒక్కటే.

ఇగ స్ట్రీక్‌లు, అంటే ఒక్కరోజు గూడ తప్పకుండ దోస్త్‌లు ఒకళ్లకొకళ్లు ఫోటోలు పంపుకుంటే పెరిగే రోజుల లెక్క. స్నాప్‌చాట్‌ల అయితే తెగిపోయే టైమ్‌కు ఇసుక గడియారం బొమ్మ పెడ్తరు, దోస్త్‌తోని మాట్లాడాలని కాదు, నంబర్ పోతదని ఉత్త గోడ ఫోటో పంపేటోళ్లు ఎంతమందో.

గవర్నమెంట్ ఏం చేస్తలేదా అంటవేమో, 2023 నవంబర్‌ల డార్క్ ప్యాటర్న్స్ మీద, అంటే యాప్‌లల్ల, సైట్లల్ల మనల్ని మాయజేసే డిజైన్ల మీద రూల్స్ తెచ్చిండ్రు, 13 రకాలు రాసిండ్రు, "రెండే మిగిలినయి, జల్ది కొను" అని ఉత్తుత్తిగ తొందర పెట్టుడు అసొంటివి. ఈ ఒడవని స్క్రోల్ మాత్రం ఆ లిస్ట్‌ల లేదు.

ఇప్పుడు నువ్వేం చేయాలె? యాప్ తీసేసుడు ఒక్కటే సరిపోదు, అకౌంట్ అట్లనే ఉంటది, పాస్‌వర్డ్ ఫోన్‌ల సేవ్ అయి ఉంటది, ఎక్కిచ్చుడు ఎంతసేపు. లాగౌట్ చేసి ఆ సేవ్ అయిన పాస్‌వర్డ్ గూడ తీసెయ్, చూడాలంటే బ్రౌజర్‌ల తిప్పలు పడి చూడు, సగం సార్లు నీకే విసుగొస్తది. కాల్స్ తప్ప అన్ని నోటిఫికేషన్లు బంద్. టైమ్ లిమిట్ పెట్టుకోమంటరు గని నాకైతే దాని మీద నమ్మకం లేదు, పెట్టిన చెయ్యే తీసేస్తది.

ఫోన్ ఏ టైమ్‌ల పడ్తున్నవో గూడ చూస్కో. పాలిటీల కష్టమైన పేజీ వచ్చినప్పుడేనా? అయితే ఆ టైమ్‌కు ఫోన్ పక్క రూమ్ దోస్త్ కాడ ఉండాలె. పీడీఎఫ్‌ల కోసం ఫోన్ కావాలె అనకు, జిరాక్స్ షాప్‌ల ప్రింట్ తీపిచ్చుకో.